పికప్‌కు సెకండ్ హ్యాండ్ లెదర్ సీట్లు – 3వ పాఠం: సీటును తిరగేసి చూడటం

కిందటి పాఠంలో మన బండికి ఏ సీట్లు పనికొస్తాయో తేల్చుకున్నాం. ఇసుజు వి-క్రాస్ ఉన్నవాళ్లు ఎంయూ-ఎక్స్ సీట్లనూ, టయోటా హైలక్స్ ఉన్నవాళ్లు ఫార్చ్యూనర్ సీట్లనూ చూడొచ్చని చెప్పుకున్నాం. బోల్టు రంధ్రాల మధ్య కొలతలు రాసుకున్న కాగితం జేబులో ఉందిగా? టేపు కూడా పెట్టుకోండి. ఇక చెన్నైలోని పుదుపేట వెళ్దాం.

ఎగ్మూరు పక్కనున్న ఈ పాత విడిభాగాల బజారుకు పగటిపూటే వెళ్లండి. ట్యూబులైటు కింద ఏ సీటైనా బాగానే కనిపిస్తుంది. దుకాణదారు పాలిష్ పట్టించిన తోలు మీద చేత్తో చరిచి, “ఒరిజినల్ లెదర్ సార్!” అంటాడు. సరేనని, సీటును తిరగేయమనండి. మొహం చిట్లిస్తాడు, పర్వాలేదు.

తోలు చిరిగితే చెన్నైలో దిగులు లేదు. పెరియమేట్‌లో తోలు దొరుకుతుంది, జనరల్ ప్యాటర్స్ రోడ్డు వైపు సీట్లు కుట్టేవాళ్లున్నారు. వంగిన ఫ్రేముకు మాత్రం ఆ దారి లేదు. అందుకే మొదట ట్రాకులు, అంటే సీటు ముందుకూ వెనక్కూ జారే పట్టాలు, చూడాలి. లివర్ ఎత్తి సీటును ఆ కొస నుంచి ఈ కొసకు జరపండి. వదలగానే రెండు వైపులా ఒకేసారి ‘టక్’మని పట్టాలి. ఒకవైపు పట్టి రెండోవైపు ఆలస్యమైతే ఫ్రేము మెలిపడి ఉండొచ్చు, గుద్దుకున్న బండిదై ఉండొచ్చు. కొత్త వెల్డింగ్ మచ్చలు కనిపిస్తే బేరమే వద్దు.

తర్వాత వరద. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకూ ఈ ఊళ్లో ఎన్ని కార్లు మునిగాయో చూసినవాళ్లమే. పైతోలు కడిగేస్తారు గానీ ట్రాకు మూలల్లో మెత్తటి ఒండ్రు ఉండిపోతుంది, స్ప్రింగులు తుప్పు పడతాయి. అడుగున కవరు కొక్కేలు ఒకటి రెండు విప్పించి, స్పాంజి దగ్గర ముక్కు పెట్టండి. ముక్కిపోయిన వాసన వస్తే వదిలేయండి.

సీటు పక్కన ‘ఎయిర్‌బ్యాగ్’ ట్యాగు, కింద పసుపు కనెక్టరు ఉంటే ఇంకా జాగ్రత్త. ఆ వైర్లకు టెస్టర్ పెట్టొద్దు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునే చోట కుట్టు తేలిగ్గా తెగేలా వేస్తారు. ఆ పక్క మామూలు దారంతో మళ్లీ కుట్టి ఉంటే, ఎంత చవకైనా నేనైతే కొనను. మీ పాత సీట్లలో ఎయిర్‌బ్యాగ్ ఉండి, కొత్తగా తెచ్చేవాటిలో లేకపోయినా అంతే. డ్యాష్‌బోర్డులో వార్నింగ్ లైటు వెలుగుతుందన్నది చిన్న సంగతి, ఉన్న రక్షణ పోతుంది.

తోలు ఆఖరున చూడండి. కంపెనీ లెదర్ సీట్లలోనూ చాలావాటికి కూర్చునే, ఆనుకునే భాగమే తోలు, పక్కలు రెక్సిన్. అదేమీ మోసం కాదు. అంచు మడత తీస్తే తోలుకు వెనక పీచు కనిపిస్తుంది, రెక్సిన్‌కు గుడ్డ. డ్రైవరు సీటుకు తలుపు వైపు అంచు ముందు అరుగుతుంది కాబట్టి ఆ పగుళ్లు చూపించి ధర తగ్గించమనండి.

డబ్బిచ్చే ముందు, సీట్లు తీసిన బండి నంబరుతో బిల్లు అడగండి. దొంగసొత్తని తెలిసీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. బిల్లుకు నసిగితే పక్క దుకాణం చూసుకోండి.

ఈ వారం అభ్యాసం: మీ బండిలోని సీటునే ముందుకూ వెనక్కూ జరిపి ఆ ‘టక్’ చప్పుడు వినండి. వచ్చే పాఠంలో బ్యాటరీ వైరు విప్పి, పాత సీట్లు దించుదాం.