కుడి క్లిక్ మెనూ మన చేతిలో – 2వ పాఠం: ‘సెండ్ టు’

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న అడిగాను: ఇంట్లో ఫ్యాక్స్ యంత్రమే లేనప్పుడు, ఫైలు మీద కుడి క్లిక్ చేసి ‘సెండ్ టు’ దగ్గరికి వెళ్తే చాలా కంప్యూటర్లలో ‘ఫ్యాక్స్ రెసిపియెంట్’ ఎందుకు కనిపిస్తుంది?

విండోస్‌లో ఎక్కడో ఒక ఫోల్డర్ ఉంది, అందులో ఆ పేరుతో ఒక వస్తువు ఉంది, అంతే. 1995లో వచ్చిన విండోస్ 95 నుంచి పద్ధతి ఇదే. ఆ ఫోల్డర్‌లో ఏది పెడితే అది మెనూలోకి వస్తుంది, తీస్తే పోతుంది. (బయటి డ్రైవు, పెన్‌డ్రైవు లాంటివి మాత్రం తగిలించగానే వాటంతట అవే చేరతాయి.) ఈ రోజు పనంతా ఆ ఫోల్డర్‌లోనే. విండోస్ తన అమరికలన్నీ దాచుకునే రిజిస్ట్రీ జోలికి ఇంకా పోవడం లేదు.

విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో ‘షెల్’, వెంటనే కోలన్, వెంటనే ‘సెండ్‌టు’ అని, మధ్యలో ఎక్కడా ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ఫోల్డర్ మీ ముందుంటుంది.

ముందుగా నోట్‌ప్యాడ్‌ను చేరుద్దాం. ఫోల్డర్‌లో ఖాళీ చోట కుడి క్లిక్ చేసి, ‘న్యూ’లో ‘షార్ట్‌కట్’ ఎంచుకోండి. చిరునామా అడిగిన చోట ‘నోట్‌ప్యాడ్’ అని ఇంగ్లీషులో రాస్తే చాలు. తరువాత పేరు అడుగుతుంది. అక్కడ తెలుగులో ‘నోట్‌ప్యాడ్‌లో తెరువు’ అని పెట్టండి, మెనూలోనూ తెలుగులోనే కనిపిస్తుంది. సినిమా సబ్‌టైటిల్ ఫైలు లాంటివి వీడియో ప్లేయర్‌లోకి పరుగెత్తకుండా ఇక నేరుగా అక్షరాలుగా తెరుచుకుంటాయి.

ఇప్పుడు ఒక ఫోల్డర్‌ను చేరుద్దాం. ఉదాహరణకు ‘కరెంటు బిల్లులు’. ఇక్కడ కాస్త నెమ్మదించండి. మొదటిసారి నేను ఫోల్డర్‌ను ఎడమ మీటతో పట్టి లాగి ఇందులో వదిలేశాను. షార్ట్‌కట్ తయారవుతుందనుకున్నాను. అసలు ఫోల్డరే కదిలి వచ్చేసింది. సెండ్‌టు ఉండేది మామూలుగా కంటికి కనబడని ‘యాప్‌డేటా’ అనే ఫోల్డర్ లోపల. ఆ బిల్లుల కోసం పూటంతా వెతికాను.

కాబట్టి కుడి మీటతో పట్టుకుని లాగండి. వదలగానే వచ్చే జాబితాలో ‘క్రియేట్ షార్ట్‌కట్స్ హియర్’ ఎంచుకోండి. తోకగా వచ్చే ‘షార్ట్‌కట్’ అనే మాటను పేరులోంచి తీసేయవచ్చు. తరచుగా వాడేవి పైన ఉండాలంటే పేరు ముందు 1, 2 అని అంకెలు వేయండి.

ఇలా చేర్చిన ఫోల్డర్‌కు ఫైలు పంపేటప్పుడు కంట్రోల్ మీట పట్టుకుని క్లిక్ చేస్తే నకలు వెళ్తుంది, షిఫ్ట్ పట్టుకుంటే అసలే వెళ్తుంది. మొదట పనికిరాని ఫైలుతో చేసి చూడండి.

విండోస్ 11 వారికి మెనూలో ‘సెండ్ టు’ కనిపించకపోతే, ఫైలును ఎంచుకుని షిఫ్ట్, ఎఫ్10 నొక్కండి. పాత పెద్ద మెనూ వస్తుంది. దాన్ని ఒక అడుగు వెనక దాచడం ఎవరి మేలుకోరి చేశారో మరి.

ఇక ఆ ఫ్యాక్స్. తొలగించే బదులు వేరే ఫోల్డర్‌లోకి మార్చి ఉంచండి, అవసరమైతే వెనక్కి తేవచ్చు.

అభ్యాసం: మీరు వారంలో ఎక్కువసార్లు తెరిచే మూడు ఫోల్డర్లను ఈ మెనూలో చేర్చండి. వాడనివి రెండు పక్కకు పెట్టండి. 3వ పాఠంలో ఖాళీ డెస్క్‌టాప్ మీది మెనూను మారుస్తాం. దానికి రిజిస్ట్రీ తెరవక తప్పదు కాబట్టి, దాని నకలు దాచుకోవడంతోనే మొదలుపెడతాం. ఒక పెన్‌డ్రైవు దగ్గర పెట్టుకోండి.