కార్ యాంప్‌కి కెపాసిటర్ పెడుతున్నారా, ముందు దాన్ని నిదానంగా ఛార్జ్ చేయండి

కెపాసిటర్ అంటే కరెంటు కాస్త దాచుకుని, బాస్ కొట్టినప్పుడు యాంప్‌కి (స్పీకర్లకి పవర్ ఇచ్చే యాంప్లిఫైయర్‌కి) అందించేది. నేను మొదటిసారి కెపాసిటర్ కొన్నప్పుడు డబ్బాలో దాంతోపాటు ఓ చిన్న రెసిస్టర్ (కరెంటుని అడ్డుకుని తగ్గించేది) కూడా వచ్చింది, ఇదెందుకిచ్చాడో అర్థంకాక ఎక్స్‌ట్రా ఏమోలే అని పక్కన పడేసి, బ్యాటరీ నుంచి వచ్చే ప్లస్ వైరు తీసుకెళ్లి డైరెక్ట్‌గా కెపాసిటర్ ప్లస్‌కి ఆనించా. ఠప్ మని సౌండు, కళ్లముందు నీలం మెరుపు, కాసేపు ఏమీ కనపడలా. తర్వాత చూస్తే లగ్గు (వైరు చివర బిగించే రింగు) మూల కరిగి నల్లగా గుంట పడి ఉంది, మెయిన్ ఫ్యూజు ఎగిరిపోయింది. చెయ్యి కాలకపోవడం నా అదృష్టం. నేను పక్కన పడేసిన ఆ రెసిస్టరే అక్కడ పెట్టాల్సింది అని అప్పుడు తెలిసింది.

ఎందుకలా అవుతుందంటే ఖాళీ కెపాసిటర్ మొదటి క్షణంలో ఒట్టి ఇనప ముక్కలా ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్‌నీ మైనస్‌నీ లావు వైరుతో కలిపేసినట్టే. దారిలో ఉన్న వైర్లు, జాయింట్లు అన్నీ కలిపి 0.02 ఓమ్‌లు ఉన్నాయనుకోండి, 12.6 వోల్టులకి లెక్కేస్తే 600 ఆంపియర్ల పైమాట. అది ఉండేది సెకనులో చిన్న ముక్కే కానీ లగ్గు కరగడానికి ఆ ముక్క చాలు. ఇంకో సంగతి, 12 వోల్టులకి మనకి షాక్ కొట్టదు కాబట్టి చాలామంది లైట్ తీసుకుంటారు, అసలు భయం షాక్‌తో కాదు, వేలికి ఉన్న ఉంగరంతో. ఉంగరమో వాచీ స్టీలు పట్టీయో ప్లస్‌కీ బాడీకీ మధ్య పడితే క్షణంలో ఎర్రగా కాలిపోతుంది, అందుకే పని మొదలుపెట్టే ముందు అవన్నీ తీసి జేబులో పెట్టుకోండి. కళ్లజోడు కూడా పెట్టుకోండి.

అసలు మీకు కెపాసిటర్ కావాలా అన్నది ఒకసారి ఆలోచించండి. బాస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు డిమ్ అవుతున్నాయి అని చెప్పగానే అందరూ కెపాసిటర్ పెట్టు అంటారు. 1 ఫ్యారడ్ (కెపాసిటర్ సైజుని ఇందులోనే కొలుస్తారు) కెపాసిటర్‌లో వోల్టేజ్ 14.4 నుంచి 12.4కి పడేలోపు బయటికొచ్చే ఎనర్జీ దాదాపు 27 జూల్స్, అంటే 1000 వాట్లు లాగే యాంప్‌కి అది సెకనులో నలభయ్యో వంతుకి కాస్త పైన మాత్రమే సరిపోతుంది. కిక్ డ్రమ్ లాంటి చిన్న దెబ్బకి ఆసరా ఇస్తుంది, లైట్ల మిణుకు కొంచెం తగ్గుతుంది, అంతే. సాగదీసే బాస్ నోటుకి అది చేసేదేమీ లేదు, ఎందుకంటే ఆ ఖాళీ అయిన కెపాసిటర్‌ని మళ్లీ నింపాల్సింది కూడా ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరే. కాబట్టి డబ్బు పెట్టేముందు యాంప్ ఎర్త్ వైరు (కారు బాడీకి బిగించే మైనస్ వైరు) గట్టిగా ఉందా, బ్యాటరీ టెర్మినళ్లకి తుప్పు పట్టిందా, వైరు సన్నగా ఉందా చూడండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. బ్యాటరీ ముసలిదైతే కెపాసిటర్ దాన్ని కుర్రదాన్ని చెయ్యదు.

సరే పెట్టాలనే డిసైడ్ అయ్యారు. సాధారణంగా అందరూ చెప్పే లెక్క 1000 వాట్స్ ఆర్‌ఎమ్‌ఎస్‌కి (యాంప్ నిలకడగా ఇవ్వగల పవర్‌కి) 1 ఫ్యారడ్. యాంప్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే మాక్స్ పవర్ చూసి కొనకండి, అది పబ్లిసిటీ కోసం రాసేది.

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు. మల్టీమీటర్, పానాలు, లగ్గులు, యాంప్‌కి ఏ సైజు పవర్ వైరు వేశారో అదే సైజు వైరు కొంచెం, ఎమరీ పేపర్, మొసలి క్లిప్పులున్న రెండు వైర్లు, 30 ఓమ్‌ల దగ్గర్లో ఉండే రెసిస్టర్. రెసిస్టర్ వాటేజ్ మాత్రం చూసుకోండి, 30 ఓమ్‌లకి మొదట్లో 5 వాట్ల పైనే పడుతుంది, డబ్బాలో వచ్చే చిన్నవి చాలాసార్లు చురుక్కుమనేంత వేడెక్కుతాయి, వేళ్లతో పట్టుకోకండి. విడిగా కొంటే 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ తెచ్చుకోండి. అది దొరక్కపోతే 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు, హోల్డరుతో సహా. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, లోపల ఫిలమెంట్ ఉన్న పాతకాలం బల్బే కావాలి.

ఇంజిన్ ఆఫ్, స్టీరియో ఆఫ్, తాళం బయట. ముందు బ్యాటరీ మైనస్ విప్పండి, ప్లస్ కాదు. ప్లస్ విప్పుతుంటే పానా పొరపాటున బాడీకి తగిలిందంటే వెల్డింగ్ మొదలైనట్టే, అదే మైనస్ విప్పుతుంటే తగిలినా ఏమీ కాదు. స్టీరియోకి సెక్యూరిటీ కోడ్ ఉండే కార్లయితే ఆ కోడ్ ముందే రాసిపెట్టుకోండి. తర్వాత బ్యాటరీ దగ్గర మెయిన్ ఫ్యూజు కూడా పీకి పక్కన పెట్టేయండి, దీంతో తర్వాత పని ఉంది. అసలు మీ పవర్ వైరుకి బ్యాటరీ నుంచి జానెడు రెండు జానెళ్ల లోపు ఫ్యూజే లేదంటే ఇక్కడితో ఆగి ముందు ఆ ఫ్యూజు పెట్టండి, కెపాసిటర్ సంగతి తర్వాత. ఫ్యూజు లేని లావు వైరు కారు మొత్తం పొడవునా వెళ్తోందంటే ఎక్కడ ఒరుసుకున్నా కారుకి మంటే.

కెపాసిటర్‌ని యాంప్‌కి ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది, మూరెడు వైరు దాటనివ్వకండి, దూరంగా పెడితే దాని మీద పెట్టిన డబ్బు వైరులోనే పోతుంది. క్లాంపులతో గట్టిగా బిగించండి, డిక్కీలో దొర్లుతూ ఉండకూడదు. పైన లేదా కింద ప్రెషర్ వెళ్లడానికి గీతలున్న మూత ఉంటే దానికి ఏదీ అడ్డం పెట్టకండి, యాంప్ వేడి గాలి తగిలే చోట కూడా వద్దు.

వైరింగ్ విషయానికొస్తే అది యాంప్‌కి ప్యారలల్‌గా ఉంటుంది. బ్యాటరీ నుంచి వచ్చిన ప్లస్ వైరు కెపాసిటర్ ప్లస్‌కి, అక్కణ్నుంచి చిన్న వైరు యాంప్ ప్లస్‌కి. కెపాసిటర్ మైనస్ నుంచి ఎర్త్‌కి, వీలైతే యాంప్ ఎర్త్ ఉన్న బోల్టుకే. ఆ బోల్టు దగ్గర పెయింటు మొత్తం ఎమరీ పేపర్‌తో గీకి మెరిసే ఇనుము కనపడాలి, పెయింటు మీద బిగించిన ఎర్త్ ఎర్త్ కాదు. సీటు బెల్ట్ బోల్టుకి మాత్రం వెయ్యకండి. ప్లస్ మైనస్ రెండుసార్లు చూసుకోండి, మూడోసారి కూడా చూడండి, నేను చూస్తా. తిప్పి పెట్టారంటే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోపల గ్యాస్ పుట్టి ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. డిజిటల్ డిస్‌ప్లే ఉన్న మోడల్ అయితే రిమోట్ వైరు (స్టీరియో ఆన్ అయితేనే ఆన్ అవ్వమని చెప్పే సన్న వైరు) అని మూడోది ఉంటుంది, అది యాంప్ రిమోట్‌కే కలపండి, వదిలేస్తే కొన్ని మోడళ్లలో ఆ నంబర్లు రాత్రంతా వెలుగుతూ పొద్దునకి బ్యాటరీ డౌన్.

ఇప్పుడు అసలు పని. చాలామంది డిక్కీలో కూర్చుని ఒక చేత్తో రెసిస్టర్, ఒక చేత్తో వైరు పట్టుకుని తంటాలు పడతారు, అంత అవసరం లేదు. డిక్కీలో అన్నీ పూర్తిగా బిగించేసి, ఫ్యూజు లేకుండానే బ్యాటరీ మైనస్ తగిలించేయండి. ఫ్యూజు లేదు కాబట్టి కరెంటు వెనక డిక్కీలోకి వెళ్లదు, పెద్ద స్పార్క్ రాదు. ఇప్పుడు ఖాళీ ఫ్యూజు హోల్డర్ రెండు చివర్లకీ మొసలి క్లిప్పులతో రెసిస్టర్ తగిలించండి. కరెంటు అర ఆంపియరు కూడా దాటదు, కెపాసిటర్ నిదానంగా నిండుతుంది. మీటర్ కూడా ఆ రెండు చివర్లకే పెట్టండి, డిక్కీ దాకా పరిగెత్తక్కర్లేదు. మొదట 12.6 లాంటిది చూపిస్తుంది, కెపాసిటర్ నిండేకొద్దీ ఆ నంబరు సున్నా వైపు దిగుతుంది. 0.5 కంటే తక్కువకి వచ్చిందంటే నిండినట్టే. 1 ఫ్యారడ్‌కి 30 ఓమ్‌లతో రెండు రెండున్నర నిమిషాలు పడుతుంది, ఇంకా కొంచెం ఎక్కువ ఆగినా నష్టం లేదు. తర్వాత రెసిస్టర్ తీసి ఫ్యూజు పెట్టేయండి, చీమంత స్పార్క్ వస్తే కంగారు పడకండి.

పనిలో పనిగా కొన్న సరుకు అసలుదో కాదో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. 30 ఓమ్‌లతో 1 ఫ్యారడ్ అయితే ఆ నంబరు 12.6 నుంచి 4.6కి దిగడానికి దాదాపు 30 సెకన్లు పట్టాలి, 2 ఫ్యారడ్ అయితే నిమిషం. స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. డబ్బా మీద 2 అని రాసి 10 సెకన్లలో దిగిపోయిందంటే లోపల ఏముందో మీకే అర్థమవుతుంది. డిస్‌ప్లే ఉన్నవాటికి ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది, ఎందుకంటే ఆ బోర్డు కూడా కాస్త కరెంటు లాగుతుంది, అందుకే అవి ఒక్కోసారి 1 వోల్టు దగ్గరే ఆగిపోతాయి. అలా ఆగితే చివర్లో రెసిస్టర్ బదులు బల్బు ఒక నిమిషం పెట్టండి, మిగిలింది కూడా నిండుతుంది.

బల్బుతోనే మొత్తం చేసేవాళ్లకి మీటర్ చూడక్కర్లేకుండానే కథ అంతా కనపడుతుంది, అందుకే నాకు బల్బే ఇష్టం. తగిలించగానే బాగా వెలుగుతుంది, కొద్ది సెకన్లలో ఎర్రబడి ఆరిపోతుంది, ఆరిపోతే నిండినట్టు. అసలు తగ్గకుండా అలాగే వెలుగుతూ ఉందంటే ఎక్కడో షార్ట్ ఉంది, లేదా ప్లస్ మైనస్ తారుమారైంది, లేదా యాంప్ ఆన్‌లో ఉంది. వెంటనే బల్బు తీసేసి వెతకండి, ఆ స్టేజ్‌లో ఫ్యూజు పెట్టే సాహసం చెయ్యకండి. అసలు వెలగనే లేదంటే ఎర్త్ సరిగ్గా అందట్లేదు, లేదా బల్బు మాడిపోయింది.

ఫ్యూజు పెట్టాక ఇంజిన్ స్టార్ట్ చేసి యాంప్ టెర్మినళ్ల దగ్గర మీటర్ పెట్టండి, పాట లేనప్పుడు 14 వోల్టులకి అటూ ఇటూగా ఉంటుంది, వాల్యూమ్ పెంచి బాస్ వాయించి ఎంత పడుతుందో చూడండి. కెపాసిటర్ పెట్టకముందు ఈ నంబరు రాసిపెట్టుకుని ఉంటే ఇప్పుడు పోల్చుకోవచ్చు. ఇంకా 12 కిందకి పోతోందంటే అది కెపాసిటర్ తీర్చే సమస్య కాదు, ఆల్టర్నేటరో వైర్లో చూడాలి. ప్లస్ టెర్మినల్ మీద ప్లాస్టిక్ క్యాప్ పెట్టండి, డిక్కీలో జాకీ రాడ్డు దొర్లి తగిలిందంటే మళ్లీ నా మొదటి కథే.

అందరూ మర్చిపోయేది ఇది. ఆరు నెలల తర్వాత బ్యాటరీ మార్చడానికి మెకానిక్ దగ్గరికి వెళ్తారు, ఆయన బ్యాటరీ విప్పి కొత్తది తెచ్చేలోపు కెపాసిటర్ ఖాళీ అయిపోయి ఉంటుంది, ఆయనకి ఇక్కడ కెపాసిటర్ ఉందని తెలీదు, కొత్త బ్యాటరీ తగిలించగానే ఠప్. లెడ్ యాసిడ్ బ్యాటరీ పైన హైడ్రోజన్ గ్యాస్ చేరి ఉండొచ్చు, దాని పక్కన పెద్ద స్పార్క్ అంటే నవ్వులాట కాదు. కాబట్టి బ్యాటరీ ముట్టుకునే ఏ పనికైనా ముందు మెయిన్ ఫ్యూజు పీకమని చెప్పండి, లేదా మీరే పీకి ఇవ్వండి, పని అయ్యాక మళ్లీ రెసిస్టర్‌తో నింపి ఫ్యూజు పెట్టుకోండి. నేనైతే ఆ రెసిస్టర్‌ని క్లిప్పులతో సహా చిన్న కవర్‌లో పెట్టి ఫ్యూజు హోల్డర్‌కే ట్యాగ్‌తో కట్టేశా.

కెపాసిటర్ తీసేయాలంటే ఇదే పని తిరగేసి. ఫ్యూజు పీకండి, బ్యాటరీ మైనస్ విప్పండి, తర్వాత కెపాసిటర్ ప్లస్ మైనస్‌ల మధ్య అదే బల్బు పెట్టి ఆరేదాకా ఉంచండి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి షార్ట్ చేసే వీరులుంటారు, స్క్రూడ్రైవర్ కొసా పోతుంది, కెపాసిటరూ పాడవుతుంది. బల్బు ఆరాక మీటర్ పెట్టి 1 వోల్టు కంటే తక్కువ ఉందా చూడండి, ఐదు నిమిషాలాగి మళ్లీ చూస్తే కొంచెం పెరిగి కనపడొచ్చు, పెద్ద కెపాసిటర్లకి ఆ గుణం ఉంది, ఇంకోసారి బల్బు పెడితే సరిపోతుంది.