సగం ట్యాంక్ తర్వాత లాగని పాత టాటా లారీ: సమస్య - పరిష్కారం

పాత టాటా 1210 వచ్చినా, 1612 వచ్చినా డ్రైవర్ చెప్పేది ఒకటే మాట: "అన్నా, బండి లాగట్లేదు." ఆ మాట చెవిన పడగానే చాలామంది మెకానిక్‌లు ఇంజెక్షన్ పంపు (ఇంజన్‌కు డీజిల్ కొలిచి నాజిళ్లకు పంపేది) మీద స్పానర్ పెట్టేస్తారు. పంపు క్యాలిబ్రేషన్‌కు, అంటే కొలత సరిచేయించడానికి వెళ్తుంది, బండి నిలబడిపోతుంది, ఓనర్ జేబు ఖాళీ అవుతుంది. పంపు తిరిగి బిగించాక కూడా బండి అలాగే ఉంటుంది. ఎన్నోసార్లు చూశాను. దయచేసి పంపును చివరికి ఉంచండి.

ముందు మీ బండి ఏదో తెలుసుకోండి

1954లో జంషెడ్‌పూర్‌లో బెంజ్ భాగస్వామ్యంతో టాటా లారీల తయారీ మొదలైంది. ఆ ఒప్పందం 1969లో ముగిశాక ముందు గ్రిల్ మీద నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది. ఇంజన్ పద్ధతి మాత్రం చాలాకాలం ఆ బెంజ్ వంశానిదే. పేరులో మొదటి రెండు అంకెలు లోడుతో కలిపి బండి మొత్తం బరువు టన్నుల్లో, చివరి రెండు హార్స్‌పవర్ పదుల్లో, సుమారుగా. 1210 అంటే 12 టన్నులు, 100 హెచ్‌పీ. 1612 అంటే 16 టన్నులు, 120 హెచ్‌పీ. ఇంజన్ నంబరుకూ అలాంటి లెక్కే ఉంది: 692 అంటే 6 సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు). 697 అంటే 97 మిల్లీమీటర్ల బోరు, ఇంజన్ సైజు 5.7 లీటర్లకు కాస్త తక్కువ. స్పేర్ పార్టుల షాపులో "టాటా గాస్కెట్ ఇవ్వు" అంటే సరిపోదు, ఇంజన్ నంబరు చెప్పాలి. డీజిల్ లైను కథ మాత్రం వీటన్నిటికీ దాదాపు ఒకటే.

పొగ చూడండి

బండి లాగనప్పుడు నల్ల పొగ కక్కుతోందంటే ఇంజన్‌కు గాలి చాలట్లేదు, లేదా సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ పాడైంది. ఎయిర్ క్లీనర్ విప్పండి. ఆయిల్ బాత్ రకమైతే (గాలిలోని దుమ్మును నూనెలో పట్టేది) అడుగున బురద పేరుకుని ఉంటుంది. టర్బో ఉన్న 1613 అయితే టర్బో నుంచి వచ్చే గొట్టాల క్లాంపులు వదులయ్యాయేమో చూడండి.

లాగట్లేదు, పొగ కూడా లేదు అంటే డీజిల్ అందడం లేదు. ఇక్కడి నుంచి అంతా దీని గురించే.

స్పానర్ పట్టకముందే చూడాల్సినవి

ఒకరిని క్యాబిన్‌లో కూర్చోబెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కమనండి. మీరు పంపు దగ్గర నిలబడండి. పంపు లివర్ చివరి స్క్రూకు తగులుతోందా? పెడల్ కింద మడతపడిన మ్యాట్ అడ్డుపడి, లివర్ ముప్పావు దాకానే వచ్చిన బండ్లు ఎన్నో. ఇంజన్ ఆపే కేబుల్ పూర్తిగా వెనక్కి వెళ్లకపోయినా ఇదే గొడవ.

తర్వాత బండి లాగడం మానేసిన క్షణంలోనే డీజిల్ ట్యాంక్ మూత తీయండి. "స్‌స్" మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. దాన్ని శుభ్రం చేస్తే పని అయిపోయింది. ఫిల్టర్లు, ఫీడ్ పంపు (ట్యాంక్ నుంచి డీజిల్ పీల్చి ఇంజెక్షన్ పంపుకు ఇచ్చే చిన్న పంపు) దగ్గరి జాలీ చూడమని నేను చెప్పక్కర్లేదు.

చుక్క కారని లీకు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. బేతంచెర్ల బండలు వేసుకుని నంద్యాల నుంచి గిద్దలూరు ఘాట్ ఎక్కే 1612 ఒకటి. ఒక ట్రిప్పు గుర్రంలా ఎక్కేది, మరుసటి ట్రిప్పు సగం ఘాట్‌లో ఆగిపోయేది. హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) కొట్టి లైనులో చేరిన ఎయిర్ తీస్తే మళ్లీ కొంత దూరం వచ్చేది. ఫిల్టర్లు మార్చాను, ఫీడ్ పంపు మార్చాను. అప్పటికే వేరే షెడ్డులో ఇంజెక్షన్ పంపు రెండుసార్లు దించారు. లైను మొత్తం పొడి గుడ్డతో తుడిచి చూశాను. ఎక్కడా తడి లేదు.

తడి ఉండదు. ట్యాంక్ నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ను పంపు పీలుస్తుంది. ఆ దారిలో చిల్లు ఉంటే ఇంజన్ తిరుగుతున్నంతసేపూ డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి వెళ్తుంది. లీకు కోసం చుక్కలు వెతికితే ఎప్పటికీ దొరకదు.

దారి చూపించింది క్లీనర్ కుర్రాడు. "ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజు ఆగదన్నా" అన్నాడు. అప్పుడు వెలిగింది.

ట్యాంక్ పైనుంచి అడుగుదాకా దిగే పీల్చే పైపు లోపలి అడ్డరేకుకు రాసుకుని, సరిగ్గా మధ్యలో అరిగి గుండుసూది మొనంత చిల్లు పడింది. డీజిల్ ఆ చిల్లుకు పైన ఉంటే చిల్లు కూడా డీజిలే పీలుస్తుంది, ఎవరికీ తెలియదు. మట్టం సగం కిందికి దిగగానే గాలి పీలుస్తుంది. మైదానంలో తక్కువ డీజిల్‌తో సరిపెట్టుకుంటుంది. ఘాట్‌లో ఇంజన్ పూర్తి డీజిల్ అడిగినప్పుడు బయటపడుతుంది.

మీరు ఇలా పట్టుకోండి. ఫీడ్ పంపు ఇన్‌లెట్‌కు ముందు ఒక జానెడు పారదర్శక గొట్టం వేసి ఇంజన్ నడపండి. బాగున్న లైనులో డీజిల్ గాజులా నిండుగా కదులుతుంది. గాలి పీలుస్తుంటే సన్నని బుడగలు చీమల బారులా వరసగా పోతాయి. రేస్ ఇచ్చిన కొద్దీ బారు చిక్కబడుతుంది.

బుడగలు కనిపిస్తే ఒక క్యాన్‌లో శుభ్రమైన డీజిల్ పోసి, పంపు కన్నా ఎత్తులో గట్టిగా కట్టి, అక్కడి నుంచి నేరుగా ఫీడ్ పంపుకు గొట్టం ఇవ్వండి. లోడు మీదే ఎత్తు ఎక్కించండి. రిటర్న్ డీజిల్ ట్యాంక్‌లోకే పోతుంది కాబట్టి క్యాన్ తొందరగా ఖాళీ అవుతుంది, గమనిస్తూ ఉండండి. క్యాన్ మీద బండి బాగా లాగితే పంపుకు ఏ రోగమూ లేదు, తప్పు ట్యాంక్ వైపే.

అప్పుడు ట్యాంక్ నుంచి ఒక్కో జాయింట్ చూస్తూ రండి. పీల్చే పైపు బయటికి తీసి ఒక కొన మూసి, బకెట్ నీళ్లలో ముంచి రెండో కొన నుంచి మెల్లగా గాలి పెట్టండి, చిల్లు తానే చెబుతుంది. ఛాసిస్ నుంచి ఇంజన్‌కు వచ్చే రబ్బరు గొట్టం గట్టిపడి ఉంటే మార్చేయండి. బాంజో బోల్టుల (పైపులను బిగించే, మధ్యలో రంధ్రం ఉన్న బోల్టులు) రాగి వాషర్లు ఒకసారి విప్పితే కొత్తవే వేయండి, పాతవాటిని రుద్ది వేయడం వల్లే సగం బండ్లు మళ్లీ వస్తాయి. పైపుకు వెల్డింగ్ చేయాలంటే ట్యాంక్ నుంచి తీసి, బాగా కడిగి, దూరంగా తీసుకెళ్లి చేయించండి. ట్యాంక్ మీద మాత్రం ఎవరు చెప్పినా మంట పెట్టనివ్వకండి, ఖాళీ ట్యాంక్ ఇంకా ప్రమాదం. ఆ 1612కు నేను కొత్త పైపే వేశాను, అడ్డరేకుకు తగలకుండా క్లాంపు కూడా పెట్టాను. ఆ తర్వాత ఆ ఫిర్యాదుతో రాలేదు.

బిగించాక ఎయిర్ వరసగా తీయండి: ముందు ఫిల్టర్ స్క్రూ, తర్వాత ఇంజెక్షన్ పంపు స్క్రూ, బుడగలు ఆగేదాకా ప్రైమర్ కొట్టండి. అప్పటికీ స్టార్ట్ కాకపోతే నాజిల్ పైపుల నట్లు కాస్త వదులు చేసి సెల్ఫ్ కొట్టండి. ఆ సమయంలో చెయ్యి అక్కడ పెట్టకండి.

మిగతావి

బ్రేకులు పట్టేసినా బండి లాగదు. కొంత దూరం నడిపి ఆపి ఏ డ్రమ్ము వేడెక్కిందో దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. టైమింగ్ తప్పడం, క్యామ్ అరగడం, రిటర్న్ వాల్వు స్ప్రింగ్ నీరసించడం లాంటివి ఉంటాయి కానీ అరుదు. క్యాన్ పెట్టినా బండి లాగకపోతే, పొగ కూడా లేకపోతే, అప్పుడు పంపు దించండి.