పాత పండగ క్యాసెట్లు వేసే ముందు

సంక్రాంతికి తిరుపతిలో అందరం చేరితే ఎవరో ఒకరు అటక మీంచి వీహెచ్‌ఎస్ క్యాసెట్లు దించుతారు. తొందరపడి వీసీఆర్‌లో తోసేయకండి.

– ముందు క్యాసెట్ అద్దంలోంచి టేపు చుట్టను వెలుతురులో చూడండి. తెల్లగా బూజు కనిపిస్తే వేయొద్దు. అది వీసీఆర్‌లో టేపును చదివే హెడ్‌కి అంటుకుని, ఆ తర్వాత వేసే మంచి క్యాసెట్‌నూ పాడుచేస్తుంది. మా ఇంట్లో తిరుపతి గంగజాతర క్యాసెట్ అలాగే పోయింది. మామయ్య ఆ జాతరలో వేసే బండ వేషంలో ఊరంతా తిరిగింది అందులోనే ఉండేది.

– క్యాసెట్ వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను విరిచేయండి. ఇక ఎవరైనా రికార్డ్ బటన్ నొక్కినా అవ్వ పెట్టిన ముగ్గు చెరిగిపోదు.

– వీసీఆర్ నడుస్తుందో లేదో పోయినా బాధలేని క్యాసెట్‌తో చూసుకోండి. చాలా ఏళ్లు మూలన పడున్నది టేపును నమిలేస్తుంది.

– క్యాసెట్ కాకుండా ఫిల్మ్ రీలు దొరికిందా? ఇళ్లలో సినిమాలు తీసుకోవడానికి కొడాక్ 1965లో తెచ్చిన సూపర్ 8 ఫిల్మ్ అయ్యుండొచ్చు. డబ్బా తెరవగానే వెనిగర్‌లా పుల్లటి వాసన వస్తే ప్రొజెక్టర్‌కి ఎక్కించొద్దు, ముడుచుకున్న ఫిల్మ్ చిరిగిపోతుంది. దాన్ని మిగతా రీళ్లకు దూరంగా పెట్టి, స్కానింగ్ తెలిసినవాళ్లకే ఇవ్వండి.

– మొదటిసారి వేసినప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి, రెండోసారి ఆడుతుందన్న గ్యారంటీ లేదు.

– పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరు ఎవరో వాళ్లు చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. మా పిన్ని సగం మందిని చీరలను బట్టే గుర్తుపట్టేసింది.