పేరడీ రాద్దాం – 2: పక్కన నిలబడి ఎదురు పాడటం

పోయిన పాఠంలో ఆటవెలది పద్యం గణాలు, అంటే గురువుల (పలకడానికి ఎక్కువ సేపు పట్టే అక్షరాల), లఘువుల (తక్కువ సేపు పట్టేవాటి) గుంపులు చూశాం. ఇప్పుడు ఆ పద్యాన్ని పేరడీకి వాడదాం. ముందు మాట సంగతి.

పేరడీ గ్రీకు మాట. 'పారా' అంటే పక్కన అనీ, ఎదురుగా అనీ అర్థం. 'ఓడే' అంటే పాట. పేరడీలు మొదట రాసినవాడు థాసోస్ ద్వీపపు హెగెమోన్ అని అరిస్టాటిల్ చెప్పాడు. తెలుగులో 'వ్యంగ్యానుకరణ' అన్నారు గానీ అది వ్యాసాల్లోనే ఉండిపోయింది. పేరడీలు రాసిన తెలుగు కవి జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రికి కూడా 'పేరడీ శాస్త్రి' అనే పేరొచ్చింది. ఇక పేరడీ అంటే వట్టి వెక్కిరింత కాదు: దానికి నాలుక బయటపెడితే చాలు, ఛందస్సు అక్కర్లేదు.

'పారా'కున్న రెండర్థాలూ మనకు కావాలి: నడకలో మూలం పక్కనే ఉండాలి, భావంలో ఎదురు తిరగాలి. అందుకే అందరికీ నోటికొచ్చిన పద్యమే తీసుకోండి. మూలం గుర్తురాకపోతే పేరడీ మామూలు పద్యమైపోతుంది.

మూలం: 'ఉప్పు కప్పురంబు నొక్కపోలికనుండు'. మూడు సూర్యగణాలు (గురువు, లఘువు లేదా మూడు లఘువులు), రెండు ఇంద్రగణాలు (మూడు నాలుగు అక్షరాలవి). నాలుగో గణం 'నొక్కపో'. అందులోని ఒ-కారానికి మొదటి ఉ-కారంతో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొంతన.

కొత్తగా రాసేవాళ్లు 'కాపీ అసలు రెండు' అని ఎత్తుకుంటారు. 'కాపీ'లో రెండూ గురువులే, సూర్యగణం కాదు. 'కాపి' అని కుదిస్తే గణం కుదురుతుంది గానీ కా–నొ యతి చెల్లదు. అర్థం బాగానే ఉన్నా చెవి తడబడుతుంది, నవ్వు రాదు. తోకను ('నొక్కపోలికనుండు') కదిలించకుండా, ఉ, ఊ, ఒ, ఓలతో మొదలయ్యే మాట వెతకండి:

ఒరిజినల్లు నకలు నొక్కపోలికనుండు
చూడ చూడ నవ్వు జాడ వేరు
వెక్కిరించువాడు వేమన కాడయా
విశ్వదాభిరామ వినురవేమ

రెండో పాదంలో మారింది ఒక్క మాటే: 'రుచుల' పోయి 'నవ్వు' వచ్చింది. మూడు లఘువుల చోట గురువు, లఘువు, రెండూ సూర్యగణాలే. చూడ–జాడ ప్రాసయతి (రెండో అక్షరం 'డ' కలవడం) చెక్కుచెదరలేదు. మూడో పాదం మాత్రం మొత్తం కొత్తది, వె–వే యతితో. మొదటి రెండు పాదాల్లో మూలాన్ని ఎంత అంటిపెట్టుకుంటే ఇక్కడ మలుపు అంత గట్టిగా తగులుతుంది. నాలుగింటినీ మార్చేస్తే తిరగబడటానికి ఏమీ మిగలదు.

అభ్యాసం: మూడో పాదం మీరే రాయండి, 'పు'తో మొదలుపెట్టి. యతి కోసం నాలుగో గణం పు, పూ, పొ, పో లేదా ఆ వర్గపు బు, బూ, బొ, బో వంటి అక్షరంతో మొదలవ్వాలి. వచ్చే పాఠంలో తేటగీతి.