మండలం బడుల సన్మాన సభ: నేను చేసే పద్ధతి

మా అనంతపురం జిల్లాలో మండల స్థాయిలో బడి పిల్లల్ని, టీచర్లను సన్మానించే సభ పని నా నెత్తిన పడి చాలా ఏళ్లయింది. మేలో మాత్రం పెట్టకండి, ఆ ఎండకు పల్లెల నుంచి ఎవరూ రారు. జూన్‌లో బడులు తెరిచాక ఒక శనివారం సాయంత్రం మేలు. సెప్టెంబరు 5, రాధాకృష్ణన్ పుట్టినరోజున పెడితే టీచర్లను పొగడడంలో పడి పిల్లల్ని మరిచిపోతారు.

సన్మానం అందుకునేవాళ్ల జాబితా కోసం ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుతో ఆగొద్దు, ప్రతి హెడ్మాస్టరుకూ ఫోన్ చేయండి. పదిలో 600కి ఎన్నొచ్చాయన్నది ఒక్కటే కొలత కాదు. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ప్రతిభా పరీక్ష రాసి ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్ తెచ్చుకున్నవాళ్లు, ఖోఖోలో జిల్లా జట్టుకెళ్లినవాళ్లు, బడి మానేసిన పిల్లల్ని ఇంటికెళ్లి వెనక్కి తెచ్చిన టీచరమ్మ కూడా ఉండాలి.

పేర్లు ఆ పిల్లల చేతే రాయించుకోండి. ఒకసారి మెమెంటో మీద ఒకమ్మాయి ఇంటిపేరు తప్పు పడింది. స్టేజీ మీద నవ్వింది గానీ, కిందికి దిగాక చున్నీ అంచుతో ఆ అక్షరాన్నే రుద్దుతూ కూర్చుంది. అప్పటినుంచి అచ్చుకు ముందు ప్రూఫు ఫోటో ఇంటికి పంపుతున్నాను.

శాలువాలు తగ్గించండి, బీరువాలో మూలుగుతాయి. డిక్షనరీ ఇవ్వండి. నాయకులకు తలా మూడు నిమిషాలు, మైకు మీ చేతిలోనే ఉండాలి. తల్లిదండ్రుల్ని స్టేజీ మీదికి పిలవండి. విత్తన చెనిక్కాయలు ఒలిచే కూలి నుంచి నేరుగా వచ్చిన తల్లి "నేనెందుకు సార్" అంటుంది. చెయ్యి పట్టుకుని తీసుకురమ్మని బిడ్డకే చెప్పండి. ఉగ్గాని బజ్జీ చివర్లోనే. ముందే పెడితే సగం కుర్చీలు ఖాళీ.