ఇతర మతస్థులతో క్రీస్తును గురించి గౌరవంగా మాట్లాడటం ఎలా?

తన విశ్వాసం గురించి ఇతర మతస్థులతో మాట్లాడదలచిన క్రైస్తవుడు ముందుగా ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలి. ఎదుటి వ్యక్తి "నాకు వద్దు" అంటే అతనికి ఏమైనా నష్టం కలుగుతుందా? ఉద్యోగానికో, చదువుకో, వైద్యానికో, చివరికి మన స్నేహానికో ముప్పు వస్తుందన్న అనుమానం అతని మనసులో ఏ మూలనున్నా, మనం ఎంత మృదువుగా మాట్లాడినా అది గౌరవం అనిపించుకోదు. మాట తీరు, ఉదహరించే వాక్యాలు, చెప్పే క్రమం, ఇవన్నీ ఆ తరువాత వచ్చే విషయాలు. సువార్త చెప్పడంలో శిక్షణ ఇచ్చేటప్పుడు వీటికే ఎక్కువ సమయం వెచ్చిస్తారు గాని, ఆ మొదటి ప్రశ్నను తరచుగా ఎవరూ ఎత్తరు.

అందువల్ల మీ చేతిలో అధికారం ఉన్నచోట ఈ ప్రస్తావన మీరుగా తేకండి. పై అధికారి కింది ఉద్యోగితో, ఉపాధ్యాయుడు విద్యార్థితో, వైద్యుడు రోగితో, సాయం చేసేవాడు సాయం పొందేవాడితో మాట్లాడేటప్పుడు వినేవారికి లేచి వెళ్ళిపోయే వీలుండదు. వారే అడిగితే క్లుప్తంగా చెప్పి, ఇంకా తెలుసుకోవాలని ఉంటే పని వేళలు ముగిశాక వారికి నచ్చిన చోట మాట్లాడుకుందామనడం మంచిది. పిల్లలతోనైతే తల్లిదండ్రులకు తెలియకుండా ఈ సంభాషణే వద్దు. ఆహారం, బట్టలు, మందులు పంచే చోట ప్రసంగం పెట్టకూడదు, ఎందుకంటే ఆకలితో ఉన్నవాడు తల ఊపేది దేనికో అతనికీ తెలుసు, మనకూ తెలుసు. 2011లో ప్రపంచ చర్చిల మండలి, వాటికన్‌కు చెందిన మతాంతర సంభాషణల మండలి, ప్రపంచ ఇవాంజెలికల్ అలయన్స్ కలిసి, బహుమత ప్రపంచంలో క్రైస్తవ సాక్ష్యం ఎలా ఉండాలో చెప్పే ఒక పత్రాన్ని విడుదల చేశాయి. సిద్ధాంతాల విషయంలో ఒకదానికొకటి ఎంతో దూరంగా ఉండే ఈ మూడు వర్గాలు ఒక్క మాట మీదికి రావడమే అరుదు. ఆ పత్రంలోని 12 సూత్రాల్లో మోసాన్ని, బలవంతాన్ని, ధన ప్రలోభాన్ని విడిచిపెట్టాలనీ, పేదరికాన్నీ అవసరాన్నీ అదనుగా తీసుకోవడానికి క్రైస్తవ సాక్ష్యంలో చోటు లేదనీ స్పష్టంగా ఉంది.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మతాన్ని మార్చుకునే స్వేచ్ఛనూ, దాన్ని ఆచరించి బోధించే స్వేచ్ఛనూ 1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనలోని 18వ అధికరణం గుర్తించింది. అయినా అన్ని దేశాల చట్టాలూ ఒకేలా లేవు. తానున్న చోటి నిబంధనలు తెలుసుకోకుండా మాట్లాడేవాడు తనకన్నా వినేవారినే ఎక్కువ ఇబ్బందుల్లోకి నెట్టవచ్చు.

బైబిల్లోని పేతురు మొదటి పత్రిక (లేఖ) 3వ అధ్యాయం 15వ వచనం చాలామంది విశ్వాసులకు కంఠతా వస్తుంది. జవాబు చెప్పడానికి ఎల్లప్పుడూ సిద్ధంగా ఉండాలన్న భాగం అందరికీ గుర్తుంటుంది. అడిగినవారికి చెప్పాలన్న సంగతీ, సాత్వికంతోనూ భయంతోనూ చెప్పాలన్న సంగతీ మాత్రం మాటల ఉత్సాహంలో జారిపోతాయి. ఆ పత్రిక అందుకున్నవారు చిన్న ఆసియా (నేటి టర్కీ) ప్రాంతాల్లో చెదిరి ఉన్న అల్పసంఖ్యాకులు, అధికారం ఏమీ లేనివారు. వారి నడవడి చూసి ఎవరికైనా ఆసక్తి కలిగితే దానికి కారణం చెప్పడం వారి పని. మన సాక్ష్యానికి కూడా ఇంతకన్నా సరైన ఆరంభం లేదని నా అభిప్రాయం.

ఇంట్లో పెద్ద కష్టం వచ్చిన రోజుల్లో ఒక సహోద్యోగి మిమ్మల్ని "ఇంత జరిగినా మీరు నిబ్బరంగా ఎలా ఉండగలుగుతున్నారండీ?" అని అడిగాడనుకుందాం. అక్కడికక్కడే ఆదికాండం నుంచి మొదలుపెట్టవలసిన పని లేదు. "నిబ్బరం ఏమీ లేదండీ, రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. కాకపోతే నేను యేసుక్రీస్తును నమ్ముకున్నాను. పడుకునే ముందు ఈ భారమంతా ఆయనకు చెప్పుకుంటాను, అందుకే ఒంటరినన్న భావన మాత్రం లేదు" అని చెప్పి ఆగండి. ఆ తరువాతి మాట అతనిది. అతను "ప్రార్థనలో ఏమని అడుగుతారు?" అంటే సంభాషణ ముందుకు సాగుతుంది. "మంచిదండీ" అని చేతిలోని కాగితాల వైపు చూపు తిప్పితే మీరూ ఆ కాగితాల మాటే ఎత్తండి. ఇందులో ఉన్నదంతా మీ అనుభవమే గనుక, అతని నమ్మకం తప్పని మీరు అనలేదు. అనవలసిన అవసరమూ రాలేదు.

మాట్లాడటానికి ముందు వినాలని అందరూ అంటారు, అయితే తన వంతు కోసం ఎదురుచూస్తూ మౌనంగా కూర్చోవడాన్ని వినడం అనలేం. ఎదుటివారి మతం గురించి మన ప్రసంగీకులు చెప్పినదాన్ని పక్కన పెట్టి, వారినే అడగాలి. "మీకు దేవుడంటే ఎవరు? మీరు దేని కోసం ప్రార్థిస్తారు? చిన్నప్పుడు ఇంట్లో ఎవరు నేర్పారు?" ఇలాంటి ప్రశ్నలకు వచ్చే జవాబులు పుస్తకాల్లో ఉండవు. ముస్లింలు యేసును ఈసా ప్రవక్తగా గౌరవిస్తారు, ఖురాన్‌లోని 19వ సూరాకు (అధ్యాయానికి) ఆయన తల్లి మర్యం పేరే ఉంది, కాని ఆయన సిలువ మరణాన్ని వారు అంగీకరించరు. హిందువులలో యేసును దైవ స్వరూపంగా తలచి నమస్కరించేవారు ఎందరో ఉన్నారు, ఆ గౌరవాన్ని చూసి అదే క్రైస్తవ విశ్వాసమని లెక్క వేసుకోవడం వారి పట్ల అన్యాయం. బౌద్ధులకు సృష్టికర్త అన్న భావనే కేంద్రం కాదు, వారి చింతన దుఃఖం నుంచి బయలుదేరుతుంది, కనుక "మీ పాపాలకు పరిహారం ఏమిటి?" అన్న ప్రశ్న వారికి కొత్తగా తోచవచ్చు. యూదులతో మాట్లాడేటప్పుడైతే యేసు, ఆయన తల్లి, ఆయన శిష్యులు అందరూ యూదులేనన్నదీ, క్రైస్తవ సమాజాల చేతుల్లో యూదులు శతాబ్దాల తరబడి హింస అనుభవించారన్నదీ మనసులో ఉంచుకోవాలి. క్రీస్తు మరణానికి యూదులందరినీ బాధ్యులుగా చేయరాదని కాథలిక్ సంఘం 1965లో రెండవ వాటికన్ మహాసభలో ప్రకటించవలసి వచ్చిందంటే ఆ గాయం ఎంత పాతదో ఊహించవచ్చు.

గౌరవంగా మాట్లాడటానికి బైబిల్లోనే మంచి నమూనా కావాలంటే అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం తీరికగా చదవాలి. ఏథెన్సు నిండా ఉన్న విగ్రహాలను చూసి పౌలు ఆత్మ పరితపించిందని లూకా రాశాడు, అంటే అతనికి అక్కడ కనబడినదంతా నచ్చిందని కాదు. అయినా అరేయొపగు అనే అక్కడి సభాస్థలంలో నిలబడినప్పుడు అతని నోట ఆ పరితాపం తిట్టుగా రాలేదు. మీరు ఎంతో భక్తిగలవారని కనబడుతున్నదన్న మాటతో మొదలుపెట్టాడు. తాను నగరంలో తిరుగుతూ ఒక బలిపీఠం మీద తెలియబడని దేవునికి అని రాసి ఉండటం చూశానన్నాడు. అంటే అతను ముందు నడిచి చూశాడు, చదివాడు, ఆ తరువాతే నోరు విప్పాడు. వారి కవుల మాటనే తన మాటకు ఆధారం చేసుకున్నాడు. అలాగని చెప్పవలసినదాన్ని మింగేయలేదు, మృతుల పునరుత్థానం దగ్గరికి వచ్చి, అక్కడే కొందరి అపహాస్యాన్నీ భరించాడు. ఇంకొందరు మరోసారి వింటామన్నారు, కొద్దిమంది నమ్మారు, పౌలు అక్కడి నుంచి వెళ్ళిపోయాడు. ఎఫెసులో అల్లరి జరిగినప్పటి సంగతి ఇంకా గమనించదగినది. పౌలు సహచరులను గురించి, వీరు మన దేవతను దూషించలేదని 19వ అధ్యాయంలో సాక్ష్యం చెప్పినవాడు విశ్వాసి కాడు, ఆ నగర కరణం, అంటే నగర అధికారి. మన గురించి ఎదుటి మతంవారు అలా చెప్పగలరా అన్నది మంచి పరీక్ష.

ఈ పరీక్షలో మనం ఎక్కువగా తప్పేది పోలికల దగ్గర. మన గ్రంథంలోని ఉత్తమ బోధను వారి వీధిలో కనబడే లోపంతో పోల్చి గెలిచామనుకుంటాం. ఆదర్శాన్ని ఆదర్శంతో, ఆచరణను ఆచరణతో పోల్చాలి, లేదా అసలు పోల్చకూడదు. ఇతర మతాలను ఎగతాళి చేసే వీడియోలను నిజానిజాలు చూడకుండా ముందుకు పంపేవారు అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ పొరుగువారికి కూడా వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి, నిజానికి ఆ ఆజ్ఞ చెప్పేదే పొరుగువాని మీద అని. సంఘంలో అలవాటుగా వాడే "అన్యులు", "నశించిపోయేవారు" వంటి మాటలు వారు పక్కన లేనప్పుడు కూడా మానుకుంటే, వారి ముందు పొరపాటున జారవు.

మరో మతం నుంచి వచ్చిన విశ్వాసి సాక్ష్యం చెప్పేటప్పుడు ఒక ప్రలోభం ఎదురవుతుంది. పాత జీవితం ఎంత చీకటిగా ఉంటే కొత్త వెలుగు అంత బాగా కనబడుతుందన్న లెక్కతో, పెంచిన తల్లిదండ్రులనూ వారి భక్తినీ వేదిక మీద చులకన చేసేవారున్నారు, వినేవారు స్తోత్రాలు చెబుతూ ప్రోత్సహిస్తారు కూడా. ఆ తల్లి ముందు వరుసలో కూర్చుని ఉంటే ఏమి చెబుతారో అదే చెప్పండి. అమ్మ దగ్గర నేర్చుకున్న ప్రార్థనా శీలాన్ని ఒప్పుకున్నంత మాత్రాన క్రీస్తు మహిమ తరగదు.

రోగుల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. మంచం పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, చేతులు ఎత్తాక "ప్రార్థన చేయమంటారా?" అని అడిగితే కాదనగలిగే రోగి ఉండడు. దానికి బదులు, "మీకు ఇష్టమైతే ఇక్కడే ప్రార్థన చేస్తాను, లేదంటే ఇంటికి వెళ్ళాక నా ప్రార్థనలో మిమ్మల్ని తలచుకుంటాను, ఏదైనా నాకు సమ్మతమే" అని ముందే అడగండి. స్వస్థతను హామీగా ఇవ్వకండి, మందులు ఆపమని ఎన్నడూ చెప్పకండి. వారి అనుమతి లేకుండా వారి జబ్బునూ ఇంటి గొడవలనూ ప్రార్థనాంశం పేరుతో సంఘంలో చదివి వినిపించడం కూడా తగదు, ప్రార్థన పేరుతో గుట్టు బయటపెట్టడం ఎక్కడైనా గుట్టు బయటపెట్టడమే.

అయితే గౌరవం పేరుతో తేడాలను దాచడం కూడా ఒక రకం మోసమే. "అన్ని మతాలూ ఒకటే కదండీ?" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోవడం కన్నా, "నేనలా అనుకోవడం లేదండీ, యేసే మార్గమని నా నమ్మకం, కాని మీరు ఎందుకలా అనుకుంటున్నారో వినాలని ఉంది" అనడం నిజాయితీ. మత యుద్ధాల గురించి, వలస పాలకుల నీడలో జరిగిన మత ప్రచారం గురించి అడిగితే సమర్థించుకోవద్దు, జరిగింది తప్పని ఒప్పుకోండి. క్రూసేడులనే ఆ యుద్ధాలు సాగుతుండగానే 1219లో ఇటలీకి చెందిన క్రైస్తవ సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్ ఆయుధం లేకుండా శత్రు శిబిరానికి వెళ్ళి ఈజిప్టు సుల్తాను అల్ కామిల్‌తో మాట్లాడి క్షేమంగా తిరిగి వచ్చాడు. సుల్తాను మతం మారలేదు. ఆ భేటీ మాత్రం ఇప్పటికీ ఇరు మతాలవారికీ గుర్తుంది. ఇక తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పడానికి సంకోచం ఎందుకో నాకు అర్థం కాదు.

ఎదుటివారు వద్దన్నారంటే ఆ విషయం అక్కడితో ముగిసింది. ఆస్తి అమ్మి పేదలకిచ్చి తనను వెంబడించమన్నప్పుడు ధనవంతుడైన యువకుడు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతుంటే యేసు వెంటపడి షరతులు తగ్గించలేదు. తమను చేర్చుకోని సమరయుల గ్రామం మీదికి ఆకాశం నుంచి అగ్ని రప్పిద్దామన్న యాకోబు, యోహానులను ఆయన గద్దించాడు. మీ స్నేహం మునుపటిలాగే ఉందో లేదో వారు కొన్నాళ్ళు గమనిస్తారు, ముందు ఎన్నిసార్లు పలకరించేవారో ఇప్పుడూ అలాగే పలకరించండి. వారు తమ విశ్వాసం గురించి చెప్పదలిస్తే మీరు కోరుకున్నంత ఓపికతోనే వినండి.

నమ్ముతానని ఎవరైనా ముందుకు వస్తే తొందరపెట్టకండి. మతం మార్చుకోవడం నిర్ణయాత్మకమైన అడుగు గనుక ఆలోచనకూ సిద్ధపాటుకూ తగిన సమయం ఇవ్వాలని పైన చెప్పిన పత్రమే అంటుంది. కుటుంబంలో, బంధువర్గంలో ఎదురయ్యే ఇబ్బందులను దాచకుండా ముందే చెప్పాలి. ఇంట్లో ఎప్పుడు, ఎలా, ఎవరికి మొదట చెప్పాలో ఆ వ్యక్తే నిర్ణయించుకోవాలి. అతని ఫోటోనూ సాక్ష్యాన్నీ సంఘం తన ప్రచారానికి వాడుకోకూడదు. బాప్తిస్మం తేదీ పాస్టరుగారి వీలును బట్టి కాక, అతను తన ఇంటివారితో మాట్లాడుకున్న తరువాతే ఖాయం చేయాలి.